ఒక పాత ల్యాప్‌టాప్, ఏడు లోకాలు: వేసవి సర్వర్ డైరీ

ఏప్రిల్ 6

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు పిల్లలకు బడి సెలవులిచ్చి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో మా ఇంటి గంట మోగిన ప్రతిసారీ అది మైన్‌క్రాఫ్ట్ అనే దిమ్మెల కంప్యూటర్ ఆట మీద ఫిర్యాదే. మూడో అంతస్తు పెద్దమ్మాయి నెల రోజులు కష్టపడి కట్టుకున్న గోధుమ చేనును, ఎదురింటి కవలలు టీఎన్‌టీ పెట్టి పేల్చేశారు. "అంకుల్, వాళ్లను బ్యాన్ చేయండి" అని ఆమె. "అంకుల్, టీఎన్‌టీ ఉన్నది పేల్చడానికే కదా" అని వీళ్లు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అదే చిక్కు.

సర్వర్, అంటే వీళ్లందరి ఆట నడిచే కంప్యూటర్, నాది. ఆఫీసు పనికి పనికిరాని పాత ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, దాని మీద లినక్స్, జావా 21, మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌ను నడిపే పేపర్ అనే ప్రోగ్రాం 1.21.4. సంక్రాంతి నుంచి బీరువా పక్కన నడుస్తూ ఉంది. ఆడేవాళ్లు ఆరుగురు: అపార్ట్‌మెంటులో ఐదుగురు, కర్నూలులో మా అక్క కొడుకు ఒకడు.

తీర్పు చెప్పడం నా వల్ల కాదు కాబట్టి ఊళ్లు వేరు చేయాలని నిర్ణయించాను. పేపర్‌ను మొదటిసారి నడపగానే మూడు ఫోల్డర్లు పుడతాయి: భూలోకం, నెదర్ అనే పాతాళం, డ్రాగన్ కాపలా కాసే ఎండ్. ముల్లోకాలు అడగకుండానే వస్తాయి. నాలుగోది కావాలంటే మాత్రం మనం విశ్వామిత్రుడి పని చేయాలి. ఆ తపస్సుకు మల్టీవర్స్-కోర్ అనే ప్లగిన్, అంటే సర్వర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం ఉంది. దాని కమాండ్లు ఎంవితో మొదలవుతాయి.

అనుకున్న లెక్క ఇది. అందరూ వచ్చి దిగే చిన్న చోటు "పందిరి". కష్టపడి బతికే పాత ఊరు "పల్లె". ఏదైనా ఉచితంగా దొరికే చదును నేల "బొమ్మరిల్లు". పేల్చుకోవడానికి, పరుగు పందేలకు "పందెం". నిజానికి ఈ పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఇవ్వాలి. తెలుగు లిపిలో పెట్టబోతే సర్వర్ ఒప్పుకోలేదు. చదివేవారి కోసం కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషే.

ఏప్రిల్ 7

బొమ్మరిల్లు పుట్టడానికి పట్టింది ఒక వాక్యం:

/ఎంవి క్రియేట్ బొమ్మరిల్లు నార్మల్ -టి ఫ్లాట్

ఆ వెంటనే /ఎంవి మాడిఫై బొమ్మరిల్లు సెట్ గేమ్‌మోడ్ క్రియేటివ్. ఇక్కడ పది నిమిషాలు పోయాయి. నా పాత నోటు పుస్తకంలో లోకం పేరు కమాండ్ చివర ఉంది. అది మల్టీవర్స్ 4 నాటి పద్ధతి. 5లో పేరు ముందుకు వచ్చింది. పాత వరసలో కొడితే "క్రియేటివ్" అనే గుణాన్ని ఎక్కడ తగిలించాలో దానికి అర్థం కాక ఎర్ర అక్షరాలు చూపిస్తుంది. కమాండ్ మొదటి రెండు మాటలు కొట్టి ట్యాబ్ నొక్కితే తర్వాత ఏమి రావాలో అదే చెబుతుంది. ఆ సంగతి పుస్తకం మూశాక గుర్తొచ్చింది.

లోకం నేల ఎలా పుట్టాలో సీడ్ అనే సంఖ్య నిర్ణయిస్తుంది. పందెం సీడ్ కోసం మా మేనల్లుడు ఫోనులో పట్టుబట్టాడు. "మామయ్యా, సీడ్ నేనే చెబుతాను. గోంగూర." సీడ్‌లో అంకెలే ఉండాలని లేదు, మాట ఇచ్చినా దాన్ని జావా తన పద్ధతిలో ఒక సంఖ్యగా మార్చుకుంటుంది. ఒక్కో అక్షరపు సంకేత సంఖ్యను, అంతవరకు వచ్చిన మొత్తాన్ని 31తో హెచ్చించి కలుపుకుంటూ పోతుంది. గుణింతాలు, సున్నా కూడా విడి అక్షరాలే కాబట్టి గోంగూర దాని లెక్కలో ఆరు అక్షరాలు. ఆట చాట్‌లో తెలుగు మాటను అతికించి లోకం సృష్టించి, లోపలికి వెళ్లి /సీడ్ అని అడిగితే 1413881943 అని జవాబు వచ్చింది. కాగితం మీద లెక్క వేసి చూశాను, సరిపోయింది. గోంగూర చేను ఒక్కటీ కనబడలేదని వాడు కాస్త నొచ్చుకున్నాడు.

ఏప్రిల్ 9

ఇవాళ్టి పని పిల్లల పాత ఊరిని తరలించడం. సర్వర్ ఆపి, మూడు ఫోల్డర్ల పేర్లనూ పల్లె, పల్లె_నెదర్, పల్లె_ది_ఎండ్ అని మార్చాను. సర్వర్.ప్రాపర్టీస్ ఫైలులో లెవెల్-నేమ్ ఎదుట పందిరి అని రాశాను. పందిరికి పాతాళం అక్కర్లేదు కాబట్టి అదే ఫైలులో అలౌ-నెదర్ తీసేశాను, బుకిట్.వైఎంఎల్‌లో అలౌ-ఎండ్ తీసేశాను. సర్వర్ లేపి /ఎంవి ఇంపోర్ట్ పల్లె నార్మల్, మిగిలిన రెండింటికీ అలాగే, నార్మల్ బదులు నెదర్, ది_ఎండ్ అని. /ఎంవి లిస్ట్ కొడితే అన్నీ వరసగా కనిపించాయి. చాయ్ పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఐదున్నరకు గంట మోగింది. తర్వాత ఆగకుండా మోగింది.

ఊరు ఉంది, ఇళ్లు ఉన్నాయి, పెట్టెల్లో సామాన్లు ఉన్నాయి. పిల్లల ఒంటి మీద మాత్రం ఏమీ లేదు. కవచాలు, వజ్రాల పలుగులు, చిన్నపాప మేకకు కట్టే తాడు, అన్నీ మాయం. మూడు నెలల సంపాదన. పెద్దమ్మాయి ఏడవలేదు. ఆమె చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడడం ఏడుపు కన్నా భయంగా అనిపించింది.

గంటసేపు వెతికితే కారణం దొరికింది. ఆటగాళ్ల సంచుల వివరాలు ప్లేయర్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక ఫైలు. ఎన్ని లోకాలున్నా ఆ ఫోల్డర్‌ను సర్వర్ వెతికేది ఒక్క చోటే, లెవెల్-నేమ్‌లో రాసిన ముఖ్యలోకంలో. నేను ముఖ్యలోకాన్ని పందిరికి మార్చాను, సంచులేమో పల్లె ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి. ఊరు ఖాళీ చేస్తూ తాసీల్దారు కచేరీని పాత ఊళ్లోనే వదిలేసి వచ్చిన కథ ఇది. సర్వర్ ఆపి ప్లేయర్‌డేటాను, దానితో పాటు స్టాట్స్, అడ్వాన్స్‌మెంట్స్ ఫోల్డర్లను పందిరిలోకి నకలు చేశాను. అప్పటికే పిల్లలు ఖాళీ చేతులతో ఒకసారి లోపలికి వచ్చి వెళ్లారు కాబట్టి అక్కడ ఖాళీ ఫైళ్లు పుట్టి ఉన్నాయి. వాటి మీద పాతవి పడేలా రాశాను.

వజ్రాలు తిరిగి వచ్చాయి. నా మీద నమ్మకం మాత్రం పూర్తిగా రాలేదు. కవలల్లో ఒకడు అప్పటి నుంచి ఆట మానే ముందు సంచి మొత్తం పెట్టెలో పెట్టి తాళం లేని ఆ పెట్టె ముందు రాళ్లు పేరుస్తున్నాడు.

ఏప్రిల్ 12

ఊహించాల్సిందే, ఊహించలేదు. బొమ్మరింట్లో వజ్రపు దిమ్మెలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. అక్కడ సంచి నింపుకుని పందిరి మీదుగా పల్లెకు నడిచి వెళితే చాలు. రెండు గంటల్లో పల్లె అంతా కుబేరులే. పెద్దమ్మాయి గోధుమలు కొనే నాథుడు లేడు.

ఈ పనిలో లోకాన్ని సృష్టించడం అసలు పనే కాదని నాకు తెలిసింది ఈ రోజే. గోడ దాటి ఏవి రావచ్చు, ఏవి రాకూడదు అన్న సరిహద్దు తగవులోనే నా సమయమంతా పోతోంది.

మల్టీవర్స్-ఇన్వెంటరీస్ వేశాను. ఇది లోకానికో సంచి ఇస్తుంది. బొమ్మరిల్లు వదిలి బయటికి రాగానే ఆ సంచి అక్కడే ఆగి, పల్లె సంచి భుజానికి వస్తుంది. వేసిన పావుగంటకే కవలల్లో రెండోవాడు కేక పెట్టాడు. పల్లెలో నెదర్ ద్వారం గుండా ఇనప కవచంతో దూకినవాడు, పాతాళంలో ఉత్త చేతులతో తేలాడు. పక్కన నిప్పులు కక్కే ఘాస్ట్ అనే భూతం. లోకానికో సంచి అంటే ప్లగిన్ దృష్టిలో పల్లె వేరు, పల్లె_నెదర్ వేరు. మనకు అవి ఒకే ఊరి పై మిద్దె, కింది మిద్దె అని దానికి ఎవరూ చెప్పలేదు. గ్రూప్స్.వైఎంఎల్ తెరిచి మూడు పేర్లనూ ఒక గుంపులో చేర్చి, షేర్స్ ఎదుట ఆల్ అని పెట్టాను. ఆకలి, ఆరోగ్యం, అనుభవం కూడా ఆ మూడింట్లో ఒకటిగా నడుస్తాయి.

ద్వారం సరైన పాతాళానికే తీసుకుపోవడానికి మల్టీవర్స్-నెదర్‌పోర్టల్స్ ఉంది. చివర _నెదర్, _ది_ఎండ్ అని ఉంటే జతలను అదే కలుపుకుంటుంది. ముందే అలా పేర్లు పెట్టాను కాబట్టి ఆ పని చేయాల్సి రాలేదు. అది తెలిసి చేసింది కాదని ఇంట్లో చెప్పలేదు.

దొంగ వజ్రాల సంగతేమిటి? నిన్న రాత్రి నకలు నుంచి సంచులను, పల్లెను వెనక్కి తెచ్చాను. అందరి ఇవాళ్టి కష్టమూ పోయింది. నిరసన జరిగింది, బిస్కట్లతో ముగిసింది.

ఏప్రిల్ 15

పందిరిలో నాలుగు ద్వారాలు కట్టాం. చిన్నపిల్లలు కమాండ్లు కొట్టలేరు కాబట్టి మల్టీవర్స్-పోర్టల్స్ వేశాను. /ఎంవిపి వాండ్ అంటే చేతికి ఒక చెక్క గొడ్డలి వస్తుంది. ద్వారం ఒక మూలను ఎడమ బటన్‌తో, ఎదుటి మూలను కుడి బటన్‌తో తాకితే హద్దులు ఖాయం.

ప్రతి ద్వారం మీదా తెలుగులో బోర్డు ఉండాలని పెద్దమ్మాయి కోరిక. ఆమె బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు ఎక్కడో ఒకచోట రాయాలిగా. బోర్డు మీద "పల్లె" అని అతికించాం. మైన్‌క్రాఫ్ట్‌కు తెలుగు అక్షరాలు తెలుసు, వాటిని కలిపి రాయడం తెలియదు. ల కింద వత్తు రాలేదు. ప, ల, పొల్లు గుర్తు, మళ్లీ ల, ఎత్వం, బస్సు కోసం నిలబడినవాళ్లలా విడివిడిగా వరసలో ఉన్నాయి. "బొమ్మరిల్లు" అయితే చదవడానికి లేదు. పందిరి, పందెం పేర్లలో వత్తులు లేవు కదా అనుకుంటే, గుడి, ఎత్వం కూడా హల్లు మీద కూర్చోకుండా పక్కకు జరిగాయి.

ఆమె బోర్డులన్నీ పీకేసింది. ఎర్ర ఉన్ని దిమ్మెలతో "పల్లె" అని ఇరవై దిమ్మెల ఎత్తున గోడ మీద పేర్చింది. వత్తు కింద సరిగ్గా వచ్చింది. ఒకచోట తలకట్టు మరిచిపోయింది, నేను చెప్పలేదు.

ఏప్రిల్ 19

నా తప్పుల్లో ఇది నాకు బాగా నచ్చిన తప్పు.

చచ్చిపోతే సామాన్లు పోకూడదని పిల్లలందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. దానికి కీప్‌ఇన్వెంటరీ అనే గేమ్‌రూల్, అంటే ఆట నియమం ఉంది. ఆటలోకి వెళ్లకుండా, సర్వర్‌కు నేరుగా ఆజ్ఞలిచ్చే ల్యాప్‌టాప్ కన్సోల్‌లో గేమ్‌రూల్ కీప్‌ఇన్వెంటరీ ట్రూ అని కొట్టాను. "మార్చాను" అని జవాబు వచ్చింది. పిల్లలకు చాటింపు వేశాను. అరగంటలో మా మేనల్లుడు పల్లె గుట్ట మీద నుంచి జారి చచ్చాడు. సామాన్లన్నీ కింద పడ్డాయి, వాడు తిరిగి వెళ్లేలోపు మాయమయ్యాయి. నేల మీద పడిన వస్తువు ఐదు నిమిషాలే ఉంటుంది.

"మామయ్యా, నువ్వు అబద్ధం చెప్పావు."

అబద్ధం కాదు. గేమ్‌రూల్ ప్రతి లోకానికీ విడివిడిగా ఉంటుంది. ఆటలో ఉండి కమాండ్ కొడితే, మనం ఏ లోకంలో నిలబడి ఉన్నామో అక్కడ అమలవుతుంది. కన్సోల్ ఎక్కడ నిలబడి ఉంది? ఎక్కడా లేదు. అలాంటప్పుడు ముఖ్యలోకాన్నే దాని ఊరుగా లెక్కిస్తారు. కాబట్టి నా శాసనం పందిరిలో అమలైంది. రాక్షసులు లేని, గుట్టలు లేని, చావడానికి అవకాశమే లేని పందిరిలో. ఇక్కడ నుంచి పల్లెకు ఆజ్ఞ పంపాలంటే చిరునామా రాయాలి:

ఎగ్జిక్యూట్ ఇన్ మైన్‌క్రాఫ్ట్:పల్లె రన్ గేమ్‌రూల్ కీప్‌ఇన్వెంటరీ ట్రూ

పాతాళానికీ, ఎండ్‌కూ మళ్లీ ఇదే. పగలు రాత్రి మార్చే టైమ్ కమాండ్‌కూ, హద్దు గీసే వరల్డ్‌బోర్డర్‌కూ ఇదే తంతు. అప్పటి నుంచి కన్సోల్‌లో ఏది కొట్టినా ముందు "ఎక్కడ?" అని నన్ను నేను అడుగుతున్నాను. కూరలో ఉప్పు వేయమంటే ఏ గిన్నెలో అని అడిగానని మా ఆవిడ నవ్వింది. పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి మరి.

ఏప్రిల్ 26

కర్నూలు నుంచి ఆట మధ్యలో తెగిపోతోంది. ఇన్నాళ్లూ వాడు ఎవరో స్నేహితుడు చెప్పిన, ఇంటర్నెట్‌లో మా సర్వర్‌కు పక్కదారి కల్పించే ఉచిత సొరంగ సేవ గుండా వస్తున్నాడు, అది నెమ్మదించింది. నేరుగా మైన్‌క్రాఫ్ట్ వాడే 25565 పోర్టు తెరుద్దామని రౌటర్‌లో చూస్తే బయటి చిరునామా 100తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు తమ లోపలి వాడకానికి ఉంచుకున్నవి. ఎన్నో ఇళ్లకు ఒకే బయటి చిరునామా పంచుతారు. ఇంటి గుమ్మం తెరిచినా వీధి గేటు తాళం మన చేతిలో ఉండదు. దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం రెండు చోట్లా వేసి కలిపాను. విచిత్రం, అది ఇచ్చే చిరునామా కూడా 100తోనే మొదలవుతుంది. వాడు ఆ రాత్రి పదకొండు దాకా ఆడాడు, అక్క ఫోను చేసి నన్ను తిట్టింది.

మే 3

ల్యాప్‌టాప్ ఫ్యాను వేసవి కుక్కలా రొప్పుతోంది. సర్వర్ ఆటను ముందుకు నడిపే ఒక్కో అడుగు ఒక టిక్. సెకనుకు 20 టిక్‌లు కొట్టాలి, అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. కవలలు ఎండ్‌లో ఎలిట్రా రెక్కలు సంపాదించిన నాటి నుంచి పల్లె ఆకాశంలో హద్దు లేకుండా ఎగురుతున్నారు. వాళ్లు ఎగిరిన చోటల్లా కొత్త నేల పుట్టాలి. ఒక టిక్‌కు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చెప్పే /ఎంఎస్‌పీటీ చూస్తే 70 దాటింది. ఎగిరేది పల్లెలో అయినా, కుంటేది అన్ని లోకాలూ. లోకాలకు గోడలున్నాయి కానీ గుండె ఒకటే. బొమ్మరింట్లో చిన్నపాప మేక కూడా ఆగి ఆగి నడుస్తోంది.

పల్లెకు 3000 హద్దు గీశాను, అంటే అటూ ఇటూ 1500 చొప్పున. పాతాళంలో ఒక అడుగు పైన ఎనిమిది అడుగులతో సమానం కాబట్టి అక్కడ 400 చాలు. తర్వాత చంకీ ప్లగిన్‌తో ఆ నేలనంతా రాత్రికి రాత్రే ముందుగా పుట్టించాను. ఒక చంక్ 16 దిమ్మెల చదరం, మొత్తం దాదాపు 35,000 చంక్‌లు. రీజియన్ ఫోల్డర్‌లో చూస్తే 36 ఫైళ్లు, ఒక్కొక్కటీ 512 దిమ్మెల చదరం. పాత ఎగురుళ్లలో హద్దు బయట పుట్టిన నేల ఫైళ్లను సర్వర్ ఆపి తీసేశాను.

ఎవరూ ఆడని లోకాన్ని /ఎంవి అన్‌లోడ్‌తో దించేయడం ఇంకో ఉపాయం. ఫైళ్లు ఉంటాయి, ర్యామ్ మిగులుతుంది. మళ్లీ కావాలంటే /ఎంవి లోడ్. పందెం ఇప్పుడు శని, ఆదివారాల్లోనే లేస్తోంది, సర్వర్‌తో పాటు తనంతట తాను లేవకుండా దానికి ఆటోలోడ్ ఫాల్స్ పెట్టాను.

మే 10

పందెం ప్రతి వారం పాడవుతుంది, పాడవడమే దాని పని. మళ్లీ కొత్తగా కావాలి. అందుకు పందెం_మూలం అని ఎవరూ అడుగుపెట్టని శుభ్రమైన ప్రతి ఒకటి దాచాను. ఏడో లోకం అదే. మొదట ఫోల్డర్‌ను చేత్తో నకలు చేసి పేరు మార్చాను. సర్వర్ ఒప్పుకోలేదు, ఇది మరో లోకానికి నకలు కాబట్టి ఎక్కించను అంది. ప్రతి లోకం ఫోల్డర్‌లోనూ యూఐడీ.డాట్ అనే చిన్న ఫైలు ఉంటుంది, లోకానికి పుట్టుమచ్చ లాంటిది. నకలు చేస్తే పుట్టుమచ్చ కూడా నకలవుతుంది. నకలులో ఆ ఫైలు చెరిపేస్తే సర్వర్ కొత్తది రాసుకుంటుంది. /ఎంవి క్లోన్ పందెం_మూలం పందెం అంటే ఈ బాధ లేదు, అదే చూసుకుంటుంది.

క్లోన్‌కు ముందు పాత పందేన్ని తీసేయాలి. రెండు కమాండ్లున్నాయి. రిమూవ్ అంటే మల్టీవర్స్ చిట్టాలోంచి పేరు కొట్టేస్తుంది, ఫోల్డర్ డిస్క్ మీద అలాగే ఉంటుంది. డిలీట్ అంటే ఫోల్డరే పోతుంది. నిన్న రాత్రి నిద్రమత్తులో /ఎంవి డిలీట్ ప అని కొట్టి ట్యాబ్ నొక్కాను, ఎంటర్ నొక్కాను. తెర మీద పేరు చదివాను. పందెం కాదు. పల్లె.

డిలీట్ వెంటనే పని చేయదు. కన్‌ఫర్మ్ అని మరో కమాండ్ ఇస్తేనే చేస్తుంది. నా వేళ్లు అలవాటు మీద ఆ మాట కూడా సగం కొట్టేశాయి. కుర్చీ వెనక్కి జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గడువు దాటేదాకా కూర్చున్నాను.

ఇవాళ పొద్దున్నే రెండు మార్పులు చేశాను. పందేన్ని మార్చే పనంతా ఒక స్క్రిప్టులో రాసి, లోకం పేరు టైపు చేసే అవసరమే లేకుండా చేశాను. రోజూ తెల్లవారుజామున మూడింటికి సేవ్-ఆఫ్, సేవ్-ఆల్ ఫ్లష్, ఫోల్డర్ల నకలు, సేవ్-ఆన్, ఈ వరసలో బయటి హార్డ్ డిస్క్‌లోకి. రాసే పని ఆపకుండా నకలు తీస్తే సగం రాసిన చంక్ నకలులోకి వస్తుంది. మే నెల గాలివానలకు ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి రౌటర్‌ను కూడా యూపీఎస్‌కు తగిలించాను.

మే 28

రేపటి నుంచి బళ్లు. ఆడేవాళ్లు శనివారాలకే వస్తామన్నారు. పల్లె, పందిరి ఉంచి మిగిలినవి దించేద్దామని చూస్తే చిన్నపాప మా ఇంట్లోనే ఉంది.

"అంకుల్, అన్‌లోడ్ చేస్తే నా మేక ఏమవుతుంది?"

"ఎక్కడుందో అక్కడే ఉంటుంది."

"ఆకలి వేయదా?"

"అక్కడ గడియారం కూడా ఆగిపోతుంది. వేయదు."

ఆమె నమ్మినట్టు లేదు. నా ల్యాప్‌టాప్ లాక్కుని బొమ్మరింట్లోకి వెళ్లి, మేకకు మూడు గోధుమలు తినిపించి, కంచె గేటు వేసి, ఇంకోసారి తెరిచి, మళ్లీ వేసి బయటికి వచ్చింది. అప్పుడు కొట్టాను, /ఎంవి అన్‌లోడ్ బొమ్మరిల్లు. పేరు రెండుసార్లు చదివి కొట్టాను. ఫోల్డర్ 212 ఎంబీ. హార్డ్ డిస్క్‌లో నకలు ఉంది.